చెవి ఊడిన కప్పు

"నాకు కేకొద్దు, టీ పార్టీ కావాలి"
అంది నీలు, గుణుపూర్ బస్సులో, నా ఒళ్ళోంచి.
వాళ్ళ ఇంగ్లీషు పుస్తకం పదకొండో పేజీలో
టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి
చిటికెన వేలు పైకెత్తి టీ తాగుతోందట.
ఐదేళ్ళ గుంటవి, నీకు టీ ఏమిటే అంటే
"తాగక్కర్లేదమ్మా, పట్టుకోవాలి."

మా ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే.
పట్టుకుంటే కాలతాయి, పడితే మోగుతాయి,
అడుగున మా పుట్టింటి పేరు.
చెవులున్న కప్పులు కావాలి. ఆరు.

కంపౌండరు గారింట్లో రెండు, బంగారు అంచు చెరిగినవి.
రైలు గేటు దగ్గర అప్పలస్వామి హోటల్లో మూడు,
"పెళ్ళిచూపులకా?" అని అడిగి మరీ ఇచ్చాడు.
ఆరోది గోడ అవతల ఉంది.

గోడ ఎప్పటిదో. మాటలాగిపోయింది రథయాత్ర నాడు.
మునగకొమ్మ మా వైపు వంగితే మా ఆయన నరికేశాడు.
కునీ వాళ్ళమ్మ ఒడియాలో ఏదో అంది,
నేను తెలుగులో ఏదో అన్నాను.
ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు,
అదే వచ్చిన చిక్కు.

ఇప్పుడు కార్తీకం.
పిల్లలు మాత్రం గోడకి పడ్డ కన్నంలోంచి
పిల్లుల్లా తిరుగుతూనే ఉన్నారు.
నేనింకా ఎలా అడగాలా అనుకుంటుంటే
నీలు అందులోంచే వెళ్ళి
నీలిపువ్వుల కప్పొకటి గౌనులో చుట్టుకొచ్చింది.
ఏమడిగావే?
"కప్పు."
ఏమంది?
"ఇచ్చింది."

టీ బదులు చోడంబలి కాచాను,
బెల్లం వేసి, పల్చగా,
టీ రంగు కుదిరేదాకా పాలు పోస్తూ.
ఈ నెల్లాళ్ళూ గుడ్డు పడిందేదీ కునీ ముట్టదు,
అందుకని అరిసెలు.
"అరిసా పిఠా!" అని లాక్కుంది,
మెత్తగా ఉన్నాయని పెదవి విరిచింది,
నాలుగు తింది.
సవర వీధి నుంచి జొహాన్ వచ్చాడు,
జేబులో కానుక: బతికున్న గొల్లభామ.

చాప మీద వరసగా జొహాన్, కునీ, నీలు,
తల లేని బొమ్మ,
పీట మీద మా అత్తగారు.
నీలిపువ్వుల కప్పు ముందు ఎవరూ లేరు.
"అది నాన్నకి, మిల్లు నుంచి వచ్చాక."

అందరూ చిటికెన వేలు ఎత్తాలి, అది నియమం.
అత్తగారి వేలు వాతానికి వంగిపోయి లేవదు.
నీలు వెళ్ళి పక్కన కూర్చుని
ముసలి వేలికి తన వేలు పోటీ పెట్టి నిలబెట్టింది.
ఆవిడ తాగినంతసేపూ అలాగే.

"ఆఉ టికే" అని కునీ రెండోసారి కప్పు చాపింది.
అప్పుడే గొల్లభామ ఎగిరింది.
ముగ్గురూ దాని మీద పడ్డారు,
నాన్న కప్పు దొర్లి గడపకి తగిలింది.
పగల్లేదు. చెవి ఊడింది.

ఎవరూ ఏడవలేదు.
జొహాన్ ఆ ముక్క తన చెవికి ఆనించి చూసుకున్నాడు.
నీలు తేల్చేసింది:
"ఇంక దీనికి వినబడదు.
మావుసి గురించి ఏమైనా అనుకోవచ్చమ్మా."
కునీ నా మొహంలోకే చూస్తోంది.

చీకటి పడ్డాక కప్పు కడిగాను.
ఒట్టి గిన్నె తిప్పి ఇవ్వకూడదంటారు.
మిగిలిన అంబలి వేడి చేసి నింపి,
కన్నంలో నేను పట్టను గనక
వీధి చుట్టూ తిరిగి వాళ్ళ గుమ్మం ఎక్కాను.
ఐదు నెలలుగా కూడబెట్టిన మాటలున్నాయి,
రెండు భాషల్లోనూ.
"చెవి..." అన్నాను.

కప్పు చూసింది. నన్ను చూసింది.
"టికే బసొ" అని చాప జరిపింది.
పట్టుకోడానికేం లేక
రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగింది.
కాలుతోందని తెలుస్తూనే ఉంది, అనలేదు.
బెల్లం తక్కువైందంది.
మునక్కాడలు కావలిస్తే కోసుకోమంది,
కోసుకోమంది, నరకమనలేదు,
ఆ మాట రెండు సార్లు అంది.

ఇంతలో గోడ అవతల సైకిలు స్టాండు వేసిన చప్పుడు,
మా ఆయన గొంతు:
"ఏదే, నా కప్పు?"

"గట్టిగా పిలు నాన్నా,
దానికి వినబడదు."